అన్యగ్రహవాసుల అపహరణములు : అంకెలు చెప్పునదేమి?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



భాగవత దశమస్కంధములోని ఉషాపరిణయ కథ ఈ సభలో వినని వారుండరు. బాణాసురుని కూతురు ఉషాకన్య కలలో ఒక సుందర పురుషుని జూచి, మేల్కొని, అతడు కానరాక విలపించెను. చెలికత్తె చిత్రరేఖ దేవ దానవ మానవుల రూపములను చిత్రించి చూపగా, ఆమె అనిరుద్ధుని గుర్తించెను. అంతట చిత్రరేఖ యోగవిద్యచే ఆకాశమార్గమున ద్వారకకేగి, నిద్రించుచున్న అనిరుద్ధుని శోణపురమునకు తెచ్చెను. కథ అంతటితో ముగియలేదు. ద్వారకలో బంధువులు బిడ్డ కానరాక వర్షకాలము నాలుగు నెలలును దుఃఖించిరి. నారదుడు వచ్చి జాడ చెప్పిన పిమ్మటగాని యాదవసేన కదలలేదు.

లెక్క వ్రాయువారికి ఈ కథలో ఒక ధర్మము కనబడును. ఒకచోట జమ పడినచో మరియొకచోట ఖర్చు పడియుండవలెను. శోణపురమున ఒకడు చేరినచో ద్వారకలో ఒకడు లోపింపవలెను. పురాణకర్త ఈ సంగతి మరువలేదు. ఇరువదవ శతాబ్దమున అమెరికా దేశములో కొందరు విద్యావంతులు అపహరణములను లెక్కించుటకు పూనుకొని, ఈ రెండవ పద్దును చూడ మరచిరి. వారి లెక్కను పరిశీలించుటయే నేటి ప్రసంగ విషయము.

ఇతర గ్రహములవారు మనుష్యులను రాత్రివేళ తమ వాహనములలోనికి ఎత్తుకొనిపోయి, దేహపరీక్షలు చేసి, ఆ జ్ఞాపకమును చెరిపివేసి, మరల వారి పడకలలో దిగవిడుచుచున్నారను వాదము అమెరికాలో బలపడి పలు దేశములకు వ్యాపించినది. ఇది సత్యమా, అసత్యమా అను వివాదమునకు అంతులేదు. దానికి ముందు విచారింపదగిన ప్రశ్న యొకటి కలదు. ప్రజలలో ఎందరికి ఇట్టి అనుభవము కలిగినదని చెప్పవచ్చును? అట్టి సంఖ్యను ఎవరైన చెప్పినచో, అది ఏ త్రోవన వచ్చినది?

కథ పుట్టుక ముందు తెలియవలెను. 1947వ సంవత్సరము జూన్ 24వ తేదీన కెన్నెత్ ఆర్నాల్డ్ అను విమానచోదకుడు వాషింగ్టన్ రాష్ట్రములోని రెయినియర్ పర్వతప్రాంతమున తొమ్మిది వింత వస్తువులు మహావేగముతో పోవుట చూచితినని చెప్పెను. పత్రికలు వానిని ‘ఎగిరే పళ్లెములు’ అని పిలిచినవి. మొదటి సంవత్సరములలో ప్రజలు ఎక్కువగా చెప్పినది ఆకాశమున వస్తువులను చూచితిమని మాత్రమే. ఎత్తుకొనిపోవు కథకు విశేష ప్రచారము తెచ్చినవారు బార్నీ హిల్, బెట్టీ హిల్ అను దంపతులు. భర్త తపాలాశాఖ ఉద్యోగి. భార్య సాంఘికసేవా శాఖలో ఉద్యోగిని. 1961 సెప్టెంబరు 19వ తేదీ రాత్రి వారు కెనడానుండి న్యూ హాంప్షైరు కొండదారిన కారులో ఇంటికి వచ్చుచు, ఆకాశమున తమ వెంట ఒక వెలుగు వచ్చినట్లు చూచిరి. ప్రయాణమునకు పట్టవలసిన కాలముకంటె ఎక్కువ కాలము పట్టినదని వారికి తరువాత తోచెను. కొలది దినములకు బెట్టీకి వింత మనుష్యులు తమను పట్టుకొనిపోయినట్లు కలలు వచ్చినవి. 1964లో బోస్టను నగరమున బెంజమిన్ సైమన్ అను మానసిక వైద్యుడు ఇరువురను హిప్నాటిజము నిద్రలో ఉంచి ప్రశ్నింపగా, ఆ అపహరణ కథ వారి నోట వెలువడెను.

ఇచ్చట గమనింపదగిన విశేషమేమనగా, ఆ కథను వెలికి తీసిన వైద్యుడే దానిని నిజమని నమ్మలేదు. భార్య కన్న కలలను భర్త పలుమారులు వినుటచే అవి అతని మనసులో నాటుకొన్నవని ఆయన అభిప్రాయపడెను. అయినను 1966లో జాన్ ఫుల్లర్ ఆ వృత్తాంతమును గ్రంథముగా ప్రకటించెను. 1975 అక్టోబరులో అది టెలివిజను చలనచిత్రముగా అమెరికాలో ఇంటింట ప్రదర్శింపబడెను. వైద్యుని సందేహముకంటె కథ వేగముగా పయనించెను.

ఆ పిమ్మట ఇట్టి వృత్తాంతములు పెరిగినవి. థామస్ బుల్లార్డ్ అను జానపదవిజ్ఞాన పండితుడు అంతవరకు లభించిన వృత్తాంతములను సేకరించి, 1987లో వాని పోలికలను భేదములను విమర్శించుచు ఒక గ్రంథము ప్రకటించెను. అందు చేరినవి సుమారు 300 ఉదంతములు. ఈ 300 అను సంఖ్యను జ్ఞాపకముంచుకొనవలెను. అపహరింపబడితిమని తామై చెప్పినవారి సంఖ్య ఈ మోతాదులో నున్నది.

నాలుగు సంవత్సరములు గడిచినవి. బడ్ హాప్కిన్స్ అను చిత్రకారుడు, డేవిడ్ జేకబ్స్ అను చరిత్రోపన్యాసకుడు, రాన్ వెస్ట్రమ్ అను సమాజశాస్త్రజ్ఞుడు కలిసి, ప్రజాభిప్రాయ సేకరణలో పేరుగాంచిన రోపర్ సంస్థచేత 1991లో ఒక సర్వే చేయించిరి. దేశమందు నానాప్రాంతములలో 5,947 మంది పెద్దలను ప్రశ్నించిరి. వచ్చిన ఫలితమును 1992లో పుస్తకరూపమున అచ్చువేసి, మానసిక వైద్యులు మున్నగు సుమారు లక్షమందికి పంపిరి. అందలి సారాంశమిది: అమెరికా పెద్దలలో నూటికి ఇద్దరు, అనగా 37 లక్షలమంది, అన్యగ్రహవాసులచే అపహరింపబడి యుండవచ్చును.

300 ఎక్కడ, 37 లక్షలు ఎక్కడ? ఒకటికి పన్నెండువేల రెట్లకు పైబడిన భేదము! ఇంత భేదము వచ్చినప్పుడు చిట్టాను మొదటినుండి తిరుగవేయుట లెక్కరి ధర్మము.

ముందుగా ప్రశ్నలను చూతము. ‘మిమ్ములను అన్యగ్రహవాసులు ఎత్తుకొనిపోయినారా?’ అని వారు అడుగలేదు. అపహృతులకు జ్ఞాపకము చెరిపివేయబడునుగాన సూటిగా అడిగిన ప్రయోజనము లేదని వారి వాదము. దానికి బదులు ఐదు చిహ్నములను ఏర్పరచుకొనిరి. నిద్రనుండి మేల్కొని కదలలేకపోయి, గదిలో ఎవరో అపరిచితులున్నట్లు తోచుట మొదటిది. దీనికి ఔనన్నవారు నూటికి 18 మంది. గంటయో అంతకు మించియో కాలము ఎట్లు గడచినదో తెలియకపోవుట రెండవది. నూటికి 13 మంది. కారణము తెలియకుండ గాలిలో ఎగురుచున్నట్లు అనుభవము మూడవది. నూటికి 10 మంది. గదిలో వింత వెలుగులు కనబడుట నాలుగవది. నూటికి 8 మంది. దేహముపై ఎట్లు కలిగెనో ఎవరికిని తెలియని మచ్చలుండుట ఐదవది; ఇదియును నూటికి 8 మంది. ఈ ఐదింటిలో నాలుగింటికైనను ఔనన్నవారు 119 మంది తేలిరి. 5,947లో 119 అనగా నూటికి ఇద్దరు. నాటి అమెరికాలో పెద్దల సంఖ్య 18 కోట్ల 50 లక్షలు. అందు నూటికి ఇద్దరు 37 లక్షలు. గుణకార భాగహారములలో దోషము లేదు.

దోషము గుణకారమునకు ముందే కలదు. రైతు సోదరులకు ఇది సులభముగా బోధపడును. మన దేశమున పంటల దిగుబడి అంచనాకై పంటకోత ప్రయోగములు చేయుదురు. చీటీ తీసినట్లు పక్షపాతము లేకుండ పొలము నెన్నుకొని, అందు నిర్ణీత కొలతగల చదరమును గుర్తించి, కోసి, నూర్చి, తూచి, ఆ తూకమునుండి ప్రాంతమంతటి దిగుబడిని అంచనా వేయుదురు. 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ బెంగాలు జనపపంటను ఇట్టి నమూనా పద్ధతినే అంచనా వేయించి కీర్తిగాంచెను. పద్ధతి సత్యమైనది. కాని కోసినది వరియే కావలెను. ఊద లేతగా నున్నప్పుడు వరిపైరును పోలియుండును. వెన్ను తీయువరకు అనుభవశాలి కూడ పొరబడవచ్చును. ఊదను వరియని అడంగలులో వ్రాసినచో, వంద చదరములు కొలిచినను, వేయి చదరములు కొలిచినను, ఆ అంచనా ఊదకే చెల్లును గాని వరికి చెల్లదు. రోపర్ సంస్థ కొలిచినది వింతరాత్రుల అనుభవమును. హాప్కిన్స్, జేకబ్స్ వ్రాసుకొన్న పేరు అపహరణము.

ఆ ఐదు చిహ్నములు అపహరణమునకే చెందినవని ఋజువేది? నిశ్చయముగా అపహరింపబడినవాడు ఒక్కడైన ఉన్నచో, అతనిలోని చిహ్నములను చూచి ఇతరులను గుర్తింపవచ్చును. అట్టివాడు ఒక్కడును నిర్ధారణ కాలేదు. తేల్చవలసిన విషయమును తేలినట్లు ముందే భావించి, దానితోనే తూకపురాళ్లు చేసికొనిరి.

మరియొక సంగతి. నాలుగు చిహ్నములు కలిసినవి గాన నాలుగు సాక్ష్యములు కలిసినవని వారనిరి. నిద్రలో కదలలేక మేల్కొనువానికి గదిలో ఎవరో ఉన్నట్లు తోచుట, వెలుగులు కనబడుట, గాలిలో తేలినట్లుండుట ఒక్క రాత్రియందే కలుగవచ్చును. అది నలుగురు సాక్షులు చేసిన సంతకము కాదు; ఒక్క సాక్షియే నాలుగు మారులు చేసిన సంతకము. ఇక కారణము తెలియని మచ్చ లేనివారు, కొడవలి పట్టి, ముళ్లకంచెలు దాటి బ్రతుకువారిలో ఎందరుందురు?

అరుదైన దానిని లెక్కించుటలో ఇంకొక ప్రమాదము పొంచియుండును. వేయిమంది గల గ్రామములో ఒక్కనికి ఒక వ్యాధి యున్నదనుకొందము. వ్యాధి లేనివారిలో నూటికి ఇద్దరిని పొరబాటున రోగులని చెప్పు పరీక్ష నొకదానిని గ్రామమంతటికి చేసినచో ఫలితమేమగును? నిజమైన రోగి ఒకడు, పొరబాటు రోగులు ఇరువదిమంది. జాబితాలో ఇరువదియొక్క పేర్లుండును. వస్తువు సాధారణమైనదైనచో చిన్న పొరబాటు చిన్నదిగానే యుండును. వస్తువు అరుదైనదైనచో పొరబాటే లెక్కనంతటిని మ్రింగివేయును. ఆ సర్వేలోనే దీనికి నిదర్శనము కలదు. అబద్ధమాడువారిని పట్టుటకై ‘ట్రాన్‌డాంట్’ అను అర్థములేని మాటను కల్పించి, ఆ మాటలో తమకు మాత్రమే తెలిసిన రహస్యార్థము కలదా యని అడిగిరి. లేని మాటకు సైతము నూటికి ఒకరు ఔననిరి! అదే గుణకారము ప్రకారము వారు 18 లక్షల 50 వేలమంది యగుదురు. నూటికి ఇద్దరను అంకెపై ఎంత బరువు మోపవచ్చునో దీనినిబట్టి ఊహింపవచ్చును.

ఇక ద్వారక పద్దును చూతము. 1961 మొదలు 1991 వరకు ముప్పది సంవత్సరములు. 37 లక్షలను ముప్పదిచేత భాగించిన ఏటికి 1,23,333 మంది. దినమునకు 338 మంది. గంటకు 14 మంది. ఇది ఒక్కొక్కరు ఒక్కమారే అపహరింపబడిరనుకొని వేసిన లెక్క. అమెరికాలోని విమర్శకులు నాడే ఇట్టి లెక్కను వేసి చూపిరి. ప్రతి రాత్రియు ఇన్ని వందలమంది పడకలనుండి మాయమైనచో, ప్రక్కన పరుండిన భార్యకు తెలియవలదా? పసిబిడ్డ ఏడ్వదా? ఇరుగుపొరుగువారు వాహనమును చూడరా? 1975 నవంబరులో ఆరిజోనా రాష్ట్రమున ట్రావిస్ వాల్టన్ అను అడవికూలీ ఐదు దినములు కానరాకపోగా అతనికై వెదకుట జరిగినది. అతడు తిరిగివచ్చి చెప్పిన అపహరణ కథపై వివాదము నేటికిని తీరలేదు. అయినను అతడు లేకపోవుట నలుగురి కంటబడినది. తక్కిన లక్షల విషయమున ఆ లోటును చూచినవారెవరు?

అట్లైన ఆ 119 మంది అబద్ధమాడిరా? అట్లనుట తగదు. వారిలో పలువురు తమ అనుభవమును ఉన్నదున్నట్లు చెప్పియుందురు. నిద్రలో కనురెప్పల క్రింద కనుగుడ్లు వేగముగా కదలు దశ యొకటి కలదు. కలలు విశేషముగా వచ్చునది ఆ దశలోనే. కలలో పరుగెత్తువాడు మంచముమీదనుండి నిజముగా పరుగెత్తకుండునట్లు, ఆ సమయమున మెదడు దేహకండరములను స్తంభింపజేయును. ఒక్కొక్కప్పుడు స్తంభన విడువక మునుపే తెలివి వచ్చును. కన్నులు గది చూచుచుండును, కాలుసేతులు కదలవు, రొమ్ముపై బరువు తోచును, కల పూర్తిగా విడువనందున గదిలో ఎవరో నిలిచినట్లు కనబడును. కొన్ని క్షణములకో నిమిషములకో అది తొలగును. 2011లో షార్ప్‌లెస్, బార్బర్ అను పరిశోధకులు 35 అధ్యయనములలోని 36,533 మంది వివరములను క్రోడీకరించి, సామాన్య ప్రజలలో నూటికి 7.6 మందికి జీవితములో ఒకమారైనను ఈ స్థితి కలుగునని తేల్చిరి. విద్యార్థులలో నూటికి 28.3 మంది. అనగా ఇది అరుదు కాదు. చెప్పుకొనుట మాత్రమే అరుదు.

ఈ స్థితికి దేశదేశమున వేరువేరు పేర్లున్నవి. న్యూఫౌండ్‌లాండు ద్వీపవాసులు ముసలి మంత్రగత్తె రొమ్ముపై కూర్చుండెనందురు. డేవిడ్ హఫర్డ్ అను పండితుడు దీనిపై 1982లో గ్రంథము వ్రాసెను. జపానువారు ‘కనషిబారి’ అందురు. లోహబంధములచే కట్టబడినట్లుండుట అని భావము. మన పల్లెలలో దయ్యము గుండెలమీద కూర్చున్నదందురు. అనుభవము ఒక్కటే, వచ్చిన అతిథి మాత్రము ఆ యా దేశపు కథలనుండి వచ్చుచున్నాడు. ఎగిరే పళ్లెముల కథలు విన్న దేశమున అతడు అన్యగ్రహవాసి యయ్యెను.

రాత్రి భయము పగటి కథగా మారుటకు జ్ఞాపకము తోడ్పడును. జ్ఞాపకము పెట్టెలో దాచిన దస్తావేజు వంటిది కాదు. తీసినప్పుడెల్ల కొంత తిరిగి వ్రాయబడుచుండును. మంచము, దిండు, కల, మెలకువ, అలసట అను మాటలను వినిపించి, తరువాత ఏ యే మాటలు వింటిరని అడిగినచో, చెప్పని ‘నిద్ర’ను కూడ వింటిమని పలువురు నిశ్చయముగా చెప్పుదురు. హార్వర్డు విశ్వవిద్యాలయమున సుసాన్ క్లాన్సీ, రిచర్డ్ మెక్‌నల్లీ మున్నగువారు 2002లో ప్రకటించిన పరిశోధనలో, అపహరణము తమకు తరువాత జ్ఞాపకము వచ్చినదని చెప్పువారు ఇట్టి పరీక్షలలో ఇతరులకంటె ఎక్కువగా పొరబడిరని తేలినది. హిప్నాటిజము నిద్రలో నమ్మకముగల ప్రశ్నకుడు అడుగుచున్నప్పుడు ఈ పొరబాటు ఇంకను పెరుగుటలో ఆశ్చర్యమేమి?

అదే పరిశోధకబృందము 2004లో మరియొక సంగతిని ప్రకటించినది. అది అందరును వినదగినది. అపహరింపబడితిమని చెప్పు పదిమందికి వారి కథను వారికే చదివి వినిపించి, గుండెవేగమును, చెమటను కొలిచిరి. నిజముగా యుద్ధములు మున్నగు ఘోరములను అనుభవించినవారు తమ వృత్తాంతమును వినునప్పుడు ఎట్లు కంపింతురో, వీరును అట్లే కంపించిరి. కథ నిజము కాకపోయినను బాధ నిజము. కావున నవ్వుటకు ఇచ్చట తావు లేదు.

ఆ 37 లక్షల అంకెవలన కలుగు హాని ఈ తావుననే యున్నది. ‘రాత్రి కదలలేకపోతిని, భయము వేసినది’ అని ఒక స్త్రీ వైద్యునియొద్దకు పోయినదనుకొందము. ఆ వైద్యుని బల్లమీద ఆ పుస్తకము కలదు. ‘ఇది నిద్రలో కలుగు సామాన్య స్థితి, భయపడకుము’ అని వినవలసిన ఆమె, ‘నిన్ను ఎవరో ఎత్తుకొనిపోయియుందురు, జ్ఞాపకము తెచ్చుకొనుము’ అని వినినచో, ఒక రాత్రి భయము జన్మమంతటి భయమగును. తప్పు లెక్క కాగితముమీద నిలువదు. మనుష్యుల నిద్రలోనికి ప్రవేశించును.

ఇది దూరదేశపు వింత యని ఊరకుండరాదు. ఇచ్చట వాహనము లేదు, అన్యగ్రహవాసి లేడు. చేతబడి కలదు, బాణామతి కలదు. బిడ్డకు రాత్రి ఊపిరాడనట్లయినచో, ఆ బాధకు పేరు పెట్టుటకు భూతవైద్యుడు సిద్ధముగా నుండును. పేరుతోపాటు చేసినవారెవరను ప్రశ్న పుట్టును. ఆ అనుమానమునకు గురియై ఒంటరి వృద్ధులు, వితంతువులు దెబ్బలు తినిన వార్తలు, ప్రాణములు కోల్పోయిన వార్తలు తెలుగునాట పత్రికలలో పలుమారులు వచ్చినవి. అమెరికావారు చేసిన పొరబాటే ఇదియును: బాధ సత్యము, పెట్టిన పేరు ఊహ. అచ్చట కనబడని అన్యగ్రహవాసి దోషి యయ్యెను. అతనిని ఎవరును కొట్టజాలరు. ఇచ్చట పొరుగింటి ముసలమ్మ దోషి యగుచున్నది.

తొలి ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. అపహరింపబడితిమని తామై చెప్పి, పండితుల సేకరణలకెక్కినవారు 1987 నాటికి కొన్ని వందలు. నిద్రలో స్తంభించి భయపడినవారు నూటికి ఏడెనిమిదిమంది, అనగా ప్రపంచమున కోట్లమంది. నిజముగా అపహరింపబడినవారి సంఖ్యను ఆ సర్వే చెప్పజాలదు. ఎందుకనగా దానిని అది అడుగనేలేదు. మొదటి సంఖ్యను, రెండవ సంఖ్యను, తెలియని సంఖ్యను ఒకే పద్దులో వ్రాయుటచే 37 లక్షలు పుట్టినవి.

రాత్రి ఇట్టి స్థితి కలిగినవారు చేయవలసినది స్వల్పము. వేళకు నిద్రించుట, నిద్ర చెడగొట్టుకొనకుండుట, వెల్లకిల పరుండినప్పుడు ఇది ఎక్కువగా వచ్చునుగాన ప్రక్కకు తిరిగి పరుండుట, పదేపదే వచ్చినచో వైద్యునికి చూపుకొనుట. ఇంటివారు చేయవలసినది ఇంకను స్వల్పము: నవ్వకుండ వినుట, తొందరపడి పేరు పెట్టకుండుట.

గ్రంథాలయమునకు వచ్చు ప్రతి చదువరియు ఒక గొప్ప సంఖ్య కంటబడినప్పుడు మూడు ప్రశ్నలు వేయవలెను. ఎవరిని అడిగిరి? ఏమని అడిగిరి? వారు చెప్పినదానికి ఏ పేరు పెట్టిరి? ఈ మూడును తెలియనంతవరకు ఆ సంఖ్యను నమ్మను వలదు, ఒకరికి చెప్పను వలదు. కథను కథగా చదివి ఆనందించుటకు, లెక్కను లెక్కగా చదివి పరీక్షించుటకు రెండింటికిని చోటిచ్చునది గ్రంథాలయము. ఒకే బీరువాలో భాగవతమును గణితమును ప్రక్కప్రక్కన ఉండవచ్చును. ఒకదాని పుటలు మరియొకదానిలో కుట్టకుండుటయే చదువరి నేర్పు. ఇరువదియైదేండ్లుగా ఈ దీపము ఈ గ్రామమున వెలుగుచున్నది. దీని వెలుగున ఏ బిడ్డయు రాత్రికి భయపడకుండుగాక. ఏ ముసలమ్మయు పొరుగువారికి భయపడకుండుగాక.

స్వస్తి.